లేని ఇర్సాకు వేసిన జాలీ: వగీహ్ అబూ దైఫ్ గారికి మా మేడల అభినందన

1979వ సంవత్సరం సెప్టెంబరు పదిహేనవ తేదీ, శనివారం ఉదయం తొమ్మిది గంటలకు, దక్షిణ ఈజిప్టులోని సోహాగ్ నుండి రెండు రైళ్లూ ఒక వ్యానూ మారి వచ్చి, ఇద్కూ సరస్సు తీరాన ఉన్న చిన్న పశువుల పరిశోధన కేంద్రంలో శ్రీ వగీహ్ అబూ దైఫ్ గారు సహాయ వ్యవసాయ ఇంజనీరుగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి వారి వయస్సు ఇరవై రెండు సంవత్సరాలు. చేతిలో వ్యవసాయశాస్త్ర పట్టా, సంచిలో తల్లిగారు కట్టి ఇచ్చిన ఎండురొట్టెలు, ముఖాన ఒక అయోమయం ఉన్నాయి. ఈ మూడింటిలో రొట్టెలు వారంలో అయిపోయాయి, పట్టా గోడకెక్కింది, అయోమయం మాత్రం ముప్పై ఏడు సంవత్సరాల నిష్కళంక సేవాకాలం పొడుగునా వారిని విడిచిపెట్టలేదు. ఆ అయోమయమే వారి విజ్ఞానానికి మూలధనమని ఈ వ్యాసంలో సవినయంగా నిరూపించదలిచాము.

ఇటువంటి పదవీ విరమణ సంచికలలో సహోద్యోగులే రాయాలన్నది ఆచారం. ఇరవై ఆరేళ్లపాటు ప్రతి మంగళవారం వగీహ్ గారు మెట్లెక్కి వచ్చిన ఇరవై నాలుగు మేడల గృహిణులు వారికి సహోద్యోగులవుతారా, కారా అన్న విషయమై సంపాదకవర్గం రెండుసార్లు సమావేశమైందని విన్నాము. జీతం ఒక్కటి మినహా ఉద్యోగానికి ఉండవలసిన కష్టాలన్నీ మాకూ ఉన్నాయని తేలినందువల్ల అవకాశం ఇచ్చారు. కృతజ్ఞులము.

కుందేలుకు చెమట పట్టదు. ఒంటి వేడిని అది చెవుల గుండానూ ఊపిరి గుండానూ మాత్రమే బయటికి పంపగలదు. అందుచేత వేసవిలో దాని ప్రాణం అది నివసించే బోను మీద ఆధారపడి ఉంటుంది. ఈ సంగతి వగీహ్ గారు కళాశాలలోనే చదువుకున్నారు. ఎండుగాలి వీచే సోహాగ్‌లో బోనుల చుట్టూ తడి గోనెలు కడితే లోపల చల్లబడుతుందని కళ్లారా చూసినవారు కూడా. కాబట్టి తొలి వేసవిలోనే కేంద్రంలోని బోనులన్నింటికీ గోనెలు కట్టించి, పూటకు నాలుగుసార్లు నీళ్లు చల్లించారు. కుందేళ్లు చల్లబడలేదు సరికదా, నోళ్లు తెరిచి రొప్పసాగాయి. వారు మరిన్ని నీళ్లు చల్లించారు. అవి మరింత రొప్పాయి. మూడవనాడు కేంద్రంలోని వృద్ధ కాపరి ఉండబట్టలేక అడిగాడట.

"బాబూ, ఈ ఊళ్లో నీ చొక్కా ఎప్పుడైనా ఆరిందా?"

"లేదు."

"నీ చొక్కా ఆరని ఊళ్లో గోనె ఆరుతుందా? గోనె ఆరకుండా కుందేలుకి చల్లనెలా వస్తుంది? మీ సయీద్‌లో కాలేజీలకి కిటికీలు ఉండవా?"

సయీద్ అనే దక్షిణాది ప్రాంతంవారి మీద ఉత్తరాదివారు విసిరే ఇటువంటి చమత్కారాలను వగీహ్ గారు నొచ్చుకోకుండా విని, నోటుపుస్తకంలో రాసుకునేవారు. ఆ పుటపై వారి దస్తూరిలో "ఇక్కడి గాలే తడిగుడ్డ. నీరు కాదు, గాలి కదలిక కావాలి" అన్న వాక్యం నేటికీ ఉంది.

తరువాతి పదేళ్లు వారు గాలి కోసం తపస్సు చేశారు. పొడి ఉష్ణమాపకం ఒకటి, తడి ఒత్తి చుట్టినది ఒకటి, రెండింటినీ జేబులో వేసుకుని బోనుల చుట్టూ తిరిగారు. తల్లి కుందేలు డొక్క నిమిషానికి ఎన్నిసార్లు ఎగసిపడుతున్నదో గడియారం పట్టుకుని లెక్కించారు. చివరికి మోకాలెత్తు కాళ్లమీద నిలిచి, ఉత్తరానికి ముఖం పెట్టి, ఖర్జూరపు మట్టల నేల కింద నుండి గాలి పీల్చి, జానెడు ఎడంతో ఉన్న రెండు వరుసల రెల్లుకప్పు సందులోనుండి వేడిని వదిలేసే బోనును రూపొందించారు. నాలుగు పక్కలా రెండు వేళ్ల సందున్న మట్టల అల్లిక. దానికి మించిన ఆచ్ఛాదన లేదు. చూడటానికి అది ఎవరో కట్టడం మధ్యలో వదిలేసి వెళ్లిపోయిన గుడిసెలా ఉంటుందని మొదట్లో మేమే నవ్వాము. కానీ సరస్సుమీది గాలి దానిలో దూరి బయటికి వచ్చేటప్పుడు చిన్న నిట్టూర్పు వినబడేది. ఆ నిట్టూర్పు విన్న నాడు వగీహ్ గారు మధ్యాహ్న భోజనం మరచిపోయారని ప్రతీతి.

1990లో ఆ బోనులు మా మేడలు ఎక్కాయి. మేడమీద కుందేళ్లు పెంచడం మాకు కొత్త కాదు. కొత్తదల్లా వాటిని ఒక ప్రభుత్వోద్యోగి వారం వారం పరామర్శించడం. ఈనిన రోజున ఆయన స్వయంగా గూటిపెట్టెలో చెయ్యిపెట్టి పిల్లలను లెక్కించేవారు. కళ్లు తెరవని, బొచ్చు రాని, గులాబీ రంగు మాంసపుముద్దలకు ఎవరి కన్నూ తగలదు గనుక మేము అభ్యంతరపెట్టలేదు. నెల నిండి, తెల్లని బొచ్చుతో దూదిపింజల్లా దొర్లే పిల్లలను తల్లినుండి వేరుచేసే రోజున మాత్రం వారు మళ్లీ లెక్కకు వచ్చేవారు. ఆ రెండు లెక్కల మధ్య తేడాను వారు మరణాలుగా నమోదు చేసేవారు.

మూడు వేసవులు గడిచేసరికి ఆ నమోదులు వారిని దిగ్భ్రాంతికి గురిచేశాయి. ఉత్తరపు గాలి చక్కగా ఆడే మేడలపైన తొమ్మిది పుడితే నాలుగే మిగులుతున్నాయి. రొట్టెల పొయ్యి పక్కన, దక్షిణపు గోడకు ఆనించి తప్పుగా పెట్టిన బోనులో ఆరు పుడితే అయిదు బతుకుతున్నాయి. బోను ఎంత బాగుంటే చావులు అన్ని ఎక్కువ! తాను పదేళ్లు శ్రమించి నిర్మించినది కుందేళ్ల ఇల్లా, కుందేళ్ల శ్మశానమా అన్న సందేహం వారిని పట్టి పీడించింది. కాగితాలను అటు తిప్పారు, ఇటు తిప్పారు. ఉష్ణమాపకాలను కరిగే మంచులో ముంచి పరీక్షించారు. అవి నిజమే చెబుతున్నాయి.

అప్పటి సంచాలకులు డాక్టర్ షుక్రీ బర్హామీ గారు న్యాయశీలి, మితభాషి. "మీ కాగితాలే మీ బోనుకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతున్నాయి, వగీహ్ గారూ. ఈ ఆగస్టు నెలాఖరులోగా కారణం చూపండి. లేదంటే ఇరవై నాలుగు ఇళ్ల నుంచీ బోనులు దింపించి, ఈ నమూనాని మూసేద్దాం" అన్నారు. అది 1993. మా మేడలకు బోనులు, వారికి పదేళ్ల జీవితం, రెండూ ఆ ఒక్క కారణానికి వేలాడుతున్నాయి.

వారు మొట్టమొదట వచ్చినది ఉమ్ రిజ్క్ మేడకు. ఉమ్ రిజ్క్, అనగా రిజ్క్ తల్లి శ్రీమతి తఫీదా గారు, చేపల బజారు వెనుక వీధిలో పెద్ద కుందేళ్ల పెంపకందారు. పిట్టగోడ అవతలి మేడ ఆమె స్నేహితురాలు దౌలత్ గారిది.

"పిల్లలేవమ్మా ఉమ్ రిజ్క్? పుట్టినప్పుడు తొమ్మిది. నేనే చెయ్యిపెట్టి చూశానుగా."

"దేవుడిచ్చాడు, దేవుడు తీసుకున్నాడు ఇంజనీరు గారూ."

"అయిదూనా? ఒకేసారా?"

"ఒక్కొక్కటే తీసుకెళ్లడానికి ఆయనకి మీలాగా మంగళవారాలు ఉంటాయా ఏంటి?"

"పోనీ, చచ్చినవి ఎక్కడ పడేశారు? ఒక్కటి చూపిస్తే జబ్బేమిటో తెలుసుకుంటాను."

ఉమ్ రిజ్క్ గారు ఆకాశం వైపు చూశారు. ఆకాశం సాయపడలేదు. పిట్టగోడ మీదుగా దౌలత్ గారి తల లేచింది.

"ఇర్సా ఎత్తుకుపోయిందండీ! నా కళ్లతో చూశాను. ఇంత తోక!"

ఇర్సా అంటే మా ఊళ్లో కప్పులమీద తిరిగే, ముంగిసకు చిన్నచెల్లెలు లాంటి దొంగజంతువు.

"మరి ఎక్కడా అడుగుజాడ లేదే?" అన్నారు వగీహ్ గారు.

"మీ సయీద్‌లో ఇర్సాలు నడుస్తాయేమో నాయనా. మావి దూకుతాయి."

"అదీగాక మీరు ఎండన పడి వచ్చారు, ముందు భోంచెయ్యండి" అని ఉమ్ రిజ్క్ గారు మాట తప్పించి, ములూఖియా ఆకుకూరలో వండిన కుందేలు మాంసం వడ్డించారు. కుందేళ్లు ఇన్ని నశించిన ఇంట కుందేలు కూర ఎలా వచ్చిందో వగీహ్ గారు ఆలోచించలేదు. ఆ రోజునే కాదు, మూడేళ్లుగా ఆలోచించలేదు. గృహలక్ష్మి చేతి వంటను శంకించడం వారి సంస్కారానికి విరుద్ధం.

మరుసటి మంగళవారానికి ఇర్సా ఇరవై నాలుగు ఇళ్లలోనూ కనబడింది. ఇల్లు మారినకొద్దీ దాని తోక పెరిగింది. కారణం దొరికిన ఆనందంలో వగీహ్ గారు జూలై నెలంతా శ్రమించి, అన్ని బోనులకూ దోమతెరవంటి సన్నని ఇనుప జాలీ నాలుగు పక్కలా బిగించి, కింది మట్టల సందులను రేకుతో మూయించారు. ఇర్సా కాదు, దాని మీసం కూడా దూరదు. గాలి కూడా దూరలేదు.

ఆగస్టులో వచ్చే మిస్రా నెల ఉక్క మా ఊరి శత్రువులకు కూడా వద్దు. సరస్సు ఆవిరి ఊళ్లోకి వచ్చి కూర్చుంటుంది. ఉతికిన బట్టలు మూడురోజులు తీగమీద ఆలోచిస్తూ ఉంటాయి. ఆగస్టు మూడవ మంగళవారం మధ్యాహ్నం వగీహ్ గారు మేడ ఎక్కేసరికి ఉమ్ రిజ్క్ గారి 'నవ్వారా' అనే పెద్ద తల్లికుందేలు చెవులు ఎర్రబడి, మెడ వెనక్కి విరిచి, నోరు తెరిచి పక్కకు పడి ఉంది. వారు గడియారం పట్టుకుని డొక్క చూశారు. లెక్కపెట్టలేనంత వేగంగా కొట్టుకుంటున్నది. ఉమ్ రిజ్క్ గారు ఒక గుడ్డమూట తెచ్చి వారి చేతిలో పెట్టారు. అందులో రెండు పిల్లలు, చచ్చి ఉన్నాయి.

మూడేళ్లలో వారు చూసిన మొదటి శవాలు అవి.

"ఇవి... ఇర్సా తినలేదే?" అన్నారు వారు.

"తినలేదండీ. ఉక్కకి పోయాయి. రాత్రి దాకా ఆడుకున్నాయి."

వగీహ్ గారు బోర్లించి ఉన్న బట్టల తొట్టి మీద కూలబడ్డారు. "జాలీ ఉంచితే ఉక్క. తీస్తే ఇర్సా. నాకేం తోచడం లేదమ్మా. నెలాఖరుకి బోనులు దింపేస్తారు. దింపనీ. ఇన్నాళ్లూ మీ కుందేళ్లను చంపింది నేనేనేమో" అన్నారు. ఆ మాట పరిశోధకుడి గొంతుతో అనలేదు. పరాయి ఊళ్లో దారి తప్పిన మనిషిలా అన్నారు.

ఉమ్ రిజ్క్ గారు ఒకసారి నవ్వారాను చూశారు. ఒకసారి ఆయన చేతిలోని మూటను చూశారు. తరువాత పిట్టగోడ వైపు తిరిగారు.

"దౌలత్, ఇంక చాలే."

"నోరు ముయ్యవే తల్లీ!" అంది గోడ అవతలి గొంతు.

"ఇంజనీరు గారూ, ఆ జాలీ పీకెయ్యండి."

"మరి ఇర్సా?"

"ఇర్సాతో నేను మాట్లాడుకుంటాను."

"అదేంటమ్మా?"

"ఇర్సా లేదండీ."

"వెళ్లిపోయిందా?"

"రాలేదు."

వగీహ్ గారికి అర్థం కాలేదు. అర్థం కాకపోయినా చేతులు ఆగలేదు. పటకారు తీసుకుని జాలీని చీల్చి, కింది రేకు ఊడబెరికారు. ఉత్తరపు గాలి బోనులో దూరి, ఆ పాత నిట్టూర్పుతో అవతలికి వెళ్లింది. అప్పుడు ఉమ్ రిజ్క్ గారు వారిని పిట్టగోడ దాటించి దౌలత్ గారి మెట్లగదికి తీసుకువెళ్లారు. తలుపు తెరిచారు. లోపల నేలంతా కదులుతున్నది. గత నెలలో చచ్చినవి, అంతకు ముందు నెలలో చచ్చినవి, దేవుడు తీసుకున్నవి, ఇర్సా ఎత్తుకుపోయినవి, అన్నీ బర్సీమ్ గడ్డి నములుతూ తలలెత్తి ప్రభుత్వోద్యోగి వైపు చూశాయి.

వగీహ్ గారు పదమూడేళ్ల అలవాటు కొద్దీ, చూపుడువేలు ఎత్తారు. "ఒకటి, రెం..."

ఉమ్ రిజ్క్ గారు పరపురుషుడన్న సంకోచం కూడా మరచి ఆ వేలు పట్టుకున్నారు. "వేలు దించండి! దించండంటున్నానా! ఇందుకే కదా దాచింది! మీది మంచి కన్నే బాబూ, కాదనను. కానీ ఆ కాగితం ఉందే, అది ఎన్ని కళ్లముందు తిరుగుతుందో మీకు తెలుసా? కేంద్రంలో చదువుతారు, జిల్లాలో చదువుతారు, కైరోలో చదువుతారు. 'తఫీదా ఇంట తొమ్మిదికి తొమ్మిది' అని ఊరూరా చదివితే తెల్లారేసరికి ఒక్కటి మిగులుతుందా?"

"బాగా పెరిగితేనే దాస్తామండీ" అని దౌలత్ గారు దిష్టి తగలకుండా అయిదు వేళ్లూ గాలిలో అడ్డంపెట్టి వివరించారు. "ఈసురోమని ఉన్నవాటిని దాచడం దేనికి? ఆ పొయ్యి పక్క బోనావిడకి దాచుకునేటంత భాగ్యం ఎక్కడ ఏడిసింది?"

మూడేళ్ల కాగితాలు వగీహ్ గారి కళ్లముందు తలకిందులై నిలిచాయి. బోను ఎంత బాగుంటే అంత దాపరికం; ఎంత దాపరికమో అన్ని చావులు. సోహాగ్‌లో కోడిపిల్లలను వేలుపెట్టి లెక్కించినందుకు తన చేతిమీద కొట్టిన తల్లిగారు వారికి అప్పుడు గుర్తుకువచ్చారు. తానూ ఆ తల్లి కొడుకే. ఉద్యోగపు చొక్కా తొడుక్కున్నప్పుడు ఆ సంగతి ఇంట్లో వదిలేసి వచ్చారు.

"మరి నేను కాగితం మీద ఏం రాయాలి?" అని అడిగారు, ఆ గదిలో నిలబడి, మునుపటికంటే అయోమయంగా. "సంఖ్య రాస్తే మీకు భయం. రాయకపోతే బోనులు పోతాయి."

నవ్వారా కోసం అందరూ ఇవతలి మేడకు తిరిగి వచ్చారు. సాయంత్రానికి దాని డొక్క నెమ్మదించింది. లేచి నీళ్లు తాగింది. అంతవరకు వగీహ్ గారు కదలలేదు. కింద వీధిలో చేపల బుట్టలు తక్కెడకెక్కుతుంటే చూస్తూ కూర్చుని, అకస్మాత్తుగా అడిగారు.

"కిలోలు చెబితే దిష్టి తగులుతుందా?"

ఇద్దరు స్త్రీలూ ముఖాలు చూసుకున్నారు. ఈ విషయమై పూర్వులు ఏమీ సెలవియ్యలేదు.

"కిలోలకేం దిష్టి?" అన్నారు చివరికి ఉమ్ రిజ్క్ గారు. "కిలోలు బొమ్మిడాయిలకి కూడా ఉంటాయి."

నాలుగు రోజులలో చేపల తక్కెడ ఇరవై నాలుగు మేడలు ఎక్కింది. మంచాల కిందనుండి, మెట్లగదులనుండి, పుట్టిళ్లనుండి బుట్టలు వచ్చాయి. వగీహ్ గారు ముఖం పక్కకు తిప్పుకుని, ముల్లును మాత్రమే చూశారు. ఆగస్టు ముప్పై ఒకటిన నివేదిక సంచాలకుల బల్లమీదకు చేరింది.

"రెండు వందల పదహారు కిలోలా? పాత కాగితాల ప్రకారం యాభై కూడా ఉండకూడదే! అసలు ఎన్ని పిల్లలు?" అన్నారు డాక్టర్ షుక్రీ గారు.

"రెండు వందల పదహారు కిలోల పిల్లలండి."

"కుందేళ్లు కిలోల్లో పుడతాయా, వగీహ్ గారూ?"

"పుట్టవండి. పెరుగుతాయి."

సంచాలకుల అత్తగారు కూడా మేడమీద కుందేళ్లు పెంచేవారన్న సంగతి మాకు తరువాత తెలిసింది. సంచాలకులు దిష్టి తగలకుండా మెల్లిగా మాషా అల్లాహ్ అనుకుని, దస్త్రం మూసి, దానిమీద మరొక దస్త్రం పెట్టారు. బోనులు దింపే ఉత్తరువు వెలువడలేదు.

ఆనాటినుండి మా ప్రాంతమంతటా పిల్లలను సంఖ్యతో కాక బుట్ట బరువుతో నమోదు చేసే పద్ధతి స్థిరపడింది. 2001లో వగీహ్ గారు విభాగాధిపతులయ్యారు. వారి మార్గదర్శక గ్రంథం నాలుగు ముద్రణలు పొందింది. సన్న జాలీ చేసిన హాని కోసం అందులో ఒక అధ్యాయం కేటాయించి, తప్పంతా తనదిగానే రాసుకున్నారు; ఇర్సా పేరుగాని, మా పేర్లుగాని ఎత్తలేదు. ఆ రెండు పిల్లలను మేమూ మరచిపోలేదు. ఇన్ని వందల బోనులకు రూపకర్త అయినప్పటికీ వారి స్వగృహంలో ఒక్క కుందేలు కూడా లేదు. శ్రీమతి ఇన్షిరాహ్ గారు పెళ్లినాడే ఆ షరతు పెట్టారట. వారి సహనానికి కూడా ఈ సందర్భాన నమస్కరిస్తున్నాము.

ఇక, పదవీ విరమణ సందర్భంగా వగీహ్ గారికి జ్ఞాపిక ఏదైనా ఇవ్వాలని మేము సంకల్పించినప్పుడు, ఎనభై ఒకటవ ఏట ఉన్న ఉమ్ రిజ్క్ గారు వస్తువులేవీ వద్దని, ఒక మాట రాసి ఇమ్మని ఆజ్ఞాపించారు. ఆ మాట ఇది.

ఆ నాలుగు రోజులలో తక్కెడకు ఎక్కించినవి అన్నీ కావు. తక్కెడ ఒక మేడ ఎక్కుతున్నప్పుడు, మరీ బాగా పెరిగినవి రెండు బుట్టలు ఎప్పుడూ పక్క మేడ దిగుతూ ఉండేవి. ఇంజనీరు గారి మీద నమ్మకం లేక కాదు. తక్కెడ ముల్లు కూడా ఒక కన్నే కదా అని దౌలత్ గారికి చివరి క్షణంలో సందేహం వచ్చింది. అందుచేత నాలుగు ముద్రణల గ్రంథంలో అచ్చయిన బరువు నిజమైన బరువు కంటే తక్కువ. అయ్యా, మీ బోను మీరు రాసిన దానికంటే మంచిది. ఎంత మంచిదో మాత్రం అడగవద్దు.

ఇది చదివి వారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ మొదటినుండి చదువుతారని మాకు తెలుసు. చదవనివ్వండి, ఇక తొందరపెట్టే కార్యాలయం లేదు. శ్రీ వగీహ్ అబూ దైఫ్ గారు ధర్మపత్నీ సమేతులై, ఉత్తరపు గాలి ధారాళంగా వీచే ఇంట, నిండు ఆరోగ్యంతో, నిశ్చింతతో, మేము నోటితో అనకుండా మనస్సులో కోరుకుంటున్న అన్ని సంవత్సరాలూ సుఖంగా జీవించాలని, ఆ సంవత్సరాలను ఎవరూ వేలెత్తి లెక్కించకుందురు గాక అని, భగవంతుని ప్రార్థిస్తున్నాము.

— ఇద్కూ మేడల గృహిణులు